పేరు మొదటి అక్షరం

ఏలూరులో నేను చదివిన ఆడపిల్లల బడిలో పొద్దున్నే హాజరు పిలిచేవారు. పేరు వినపడగానే లేచి నిలబడి "ప్రెజెంట్ మిస్" అనాలి. నేను లేచేదాన్ని. పెదాలు రెండూ "ప్రె" కోసం కలుసుకునేవి. కలుసుకున్నాక ఇక విడివడేవి కావు. మా టీచరమ్మకి తలెత్తి చూసే అలవాటు లేదు. చెవికి ఏమీ వినపడకపోతే ఆబ్సెంట్ వేసి తర్వాతి పేరుకు వెళ్లిపోయేది. రెండో బెంచీలో, రెండు జడలతో, నిలువెత్తు మనిషిని నేను అక్కడే నిలబడి ఉండేదాన్ని. పక్కపిల్ల "ఉందండి మిస్" అని చెప్తే దిద్దుకునేది. ఆ పిల్లకి నామీద అలక వచ్చిన రోజున నేను బడికి రానట్టే.

నాకు నత్తి. రాయడానికి నాకేం ఇబ్బంది లేదు, చేతికి నత్తి ఉండదు. చెప్పాలంటేనే కష్టం. ఆ జబ్బు ఉన్నవాళ్లు సాఫీగా పలకలేని పేరే దానికి పెట్టారు. పెట్టినవాళ్లెవరో గాని, పెట్టేముందు మా బోటివాళ్లని ఒక్కసారి అడగాల్సింది.

ఇంట్లో చెయ్యని వైద్యం లేదు. వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసేవారు. వస ఎక్కువైన పిల్లలు వసపిట్టల్లా వాగుతారంటారు. నాకు రాసిన వస పంచి ఉంటే ఏలూరు కాలవగట్టు మీది పిల్లలందరూ వాగుడుకాయలయ్యేవారు. నాకు మాత్రం నాలిక మండింది.

దానికంటే మండేది ఇంకోటుంది. నేను మాట మధ్యలో ఆగితే చాలు, ఎదుటివాళ్లు దాన్ని పూర్తి చేసేసేవారు. కొట్టుకెళ్లి లాంతరుకి చిమ్నీ అడగబోయి "చి... చి..." అంటే, కొట్టాయన "చింతపండేనా అమ్మా" అని పొట్లం కట్టేసేవాడు. కాదని చెప్పడానికి మళ్లీ ఇంకో మాట కావాలి. అందుకని ఆ పొట్లమే పట్టుకుని వచ్చేసేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో దీపానికి లోటుండేదేమో గాని చింతపండుకి ఎప్పుడూ లోటు లేదు. ఎదుటివాళ్లు జాలితోనే పూర్తి చేసేవారు, ఆ సంగతి నాకూ తెలుసు. కాని నా మాట నా నోట్లోంచి లాక్కుని వాళ్ల మాట నా చేతిలో పెడుతుంటే ఒళ్లు మండిపోయేది.

మాట తెలియక ఆగేదాన్ని కాదు. ఇది ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. మా వీధి చివర తివాచీలు నేసే సాయిబుగారి ఇల్లుండేది. ఆయన మగ్గం ముందు కూర్చుంటే నేను అరుగు మీంచి చూస్తుండేదాన్ని. పువ్వు మొత్తం ఆయన తలలో ఉంటుంది. రేకులు, ఆకులు, అంచు అన్నీ. కాని మగ్గం మీదకి పువ్వు ఒకేసారి దిగదు. ఒక్కో ముడి, ఒక్కో రంగు, వరస తప్పకుండా పడాలి. మాట కూడా అలాగే తయారవుతుందనుకుంటాను. ముందు అర్థం వస్తుంది. ఆ వెనకే దాని పొడవు, ఎక్కడ దీర్ఘం, ఎక్కడ ఒత్తు, దాని నడక వస్తాయి. చివర్న అక్షరాలొచ్చి ఆ నడకలో వరసగా కూర్చుంటాయి. మీకు ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది గనక అవుతున్నట్టే తెలీదు. నాకు మొదటి ముడి దగ్గరే దారం బిగుసుకునేది. వెనక మాటంతా పొల్లుపోకుండా సిద్ధంగా ఉండేది.

అందులోనూ ఒక వింత ఉంది. ఎవరూ లేనప్పుడు నాకు నత్తి లేదు. దొడ్లో గిన్నెలు తోముకుంటూ "ప్రెజెంట్ మిస్" అని ఎన్నిసార్లన్నా అనగలను. పాట పాడితే నత్తి లేదు. బడిలో అందరితో కలిసి ఎక్కాలు చదివితే లేదు. వినే మనిషి ఒకరు ఎదురుగా ఉండి, నేనేం చెప్తానా అని చూస్తున్నప్పుడే వచ్చేది.

ఆ వినే మనుషుల్లో ఒక్కరికి మినహాయింపు ఉండేది, మా అక్క. అక్కకీ నాకూ మధ్య క భాష. ప్రతి అక్షరానికీ ముందు ఒక "క" తగిలించుకుంటూ పోవడమే. "అన్నం తిన్నావా" అనాలంటే "కఅ కన్నం కతి కన్నా కవా". పెద్దవాళ్లకి తెలియకుండా మాట్లాడుకోవడానికి ఆడపిల్లలందరూ ఆడుకునే ఆటే. నాకది ఆట కాదు, ఇల్లు. క భాషలో నేను ఆగేదాన్ని కాదు. మామూలుగా "కాలవ" అనబోతే "కా" దగ్గరే ఇరుక్కుపోయే నాలిక, క భాషలో వందలాది "క"ల మీంచి పరిగెత్తేది. ఆ "క"కి అర్థం లేదు, అది ఎవరికీ ఏమీ చెప్పదు, అందుకని దానికి భయం లేదేమో. కుక్కిమంచంలో పక్కపక్కన పడుకుని, బడిలో జరిగినవన్నీ, టీచరమ్మ మీద కోపంతో సహా, అక్కకి క భాషలోనే చెప్పేదాన్ని. నన్ను వాగుడుకాయ అన్న మనిషి లోకంలో మా అక్క ఒక్కతే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు అక్కకి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. బావగారికి బియ్యం మిల్లులో పని. ఏలూరు నుంచి గూడెం ఎంత దూరం, రైలెక్కితే దిగడమే. అందరూ నాకదే చెప్పారు. అక్క వెళ్లిపోయాక కుక్కిమంచం నాకొక్కదానికే మిగిలింది. దాని మీద పడుకుని క భాషలో మాట్లాడి చూశాను. చక్కగా వచ్చింది. ఒక్కదాన్నే ఉన్నప్పుడు మామూలు తెలుగే చక్కగా వస్తుంది కదా, ఇంక క భాష దేనికి? ఆపేశాను. ఆ తర్వాత మా ఇంట్లో నా గొంతు ఊ కొట్టడానికే పనికొచ్చింది.

తర్వాత నా వంతు వచ్చింది. మా నాన్నది కొల్లేటి మధ్యలో ఒక లంక ఊరు. జనపనార మిల్లులో పని దొరికి ఏలూరు చేరాడు. ఆ కొల్లేటి వైపు నుంచే ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి చేపలకెళ్లే సొంత దోనె ఉంది, చదవడం రాయడం వచ్చు, తల్లి ఒక్కతే, అక్కచెల్లెళ్లకి పెళ్లిళ్లయిపోయాయి. మా అమ్మకి నచ్చనిదేమీ లేదు. ఒక్కటే భయం, నా నోరు.

పెళ్లిచూపుల్లో పిల్ల తలొంచుకుని కూర్చోవాలి, మాట్లాడకూడదు. నా పాలిట అంతకంటే మంచి ఏర్పాటు ఉంటుందా? వాళ్లు పేరడిగితే మా అమ్మే చెప్పింది, చదువడిగితే మా నాన్న చెప్పాడు. చివరికి అబ్బాయి తల్లి, "ఏదీ అమ్మాయ్, ఓ పాట పాడు, గొంతు విందాం" అంది. మా అమ్మ మొహం వెలిగిపోయింది. నేను పాడాను. ఒక్క అక్షరం కూడా అడ్డుపడలేదు. ఆవిడ కళ్లు తుడుచుకుని "గొంతు తేనండీ వదినగారూ" అంది. గొంతు చూసుకున్నాం కదా, ఇంక మాటేం చూస్తాం అనుకున్నారు వాళ్లు. తెలుగువాళ్లు కాక ఇంకెవరైనా పిల్ల మాటని పాటలో చూసుకుంటారా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. అబద్ధం ఎవరూ చెప్పలేదు. నాచేత పాడించారు, నేను పాడాను. కాని ఆ పాట పాడుతున్నంతసేపూ ఎదురుగా కూర్చున్న ఆ మనిషికి నేను కానిదాన్ని చూపిస్తున్నట్టు అనిపించి, పాటయ్యాక వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

పెళ్లయ్యాక గృహప్రవేశంలో దొరికిపోతానని ముందే తెలుసు. గడప దగ్గర ఆడపడుచులు చేతులడ్డం పెట్టి, మొగుడి పేరు చెప్తేగాని లోపలికి రానివ్వరు. ఇంకో మాట ఏదైనా అయితే పక్కమాట వేసుకుని తప్పించుకోవచ్చు. నత్తి ఉన్నవాళ్లందరికీ ఈ విద్య తెలుసు. కాలవ రాకపోతే నీళ్లంటాం, అన్నం రాకపోతే భోజనం అంటాం. పేరుకి పక్కమాట లేదు. పెళ్లికి ముందు వారమంతా ఆ పేరు ఒంటరిగా అనుకుంటూనే ఉన్నాను. ఒంటరిగా ఎందుకు రాదు, బ్రహ్మాండంగా వచ్చింది. గడప ముందు నిలబడగానే మొదటి అక్షరం గొంతులో ఇటుకలా దిగబడిపోయింది. ఆడపడుచులు నవ్వుతున్నారు. "సిగ్గే! పట్నం పిల్లకీ సిగ్గే!" అంటున్నారు. నా వెనకే పెళ్లికూతురికి తోడొచ్చిన మా అక్క నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా చెవి దగ్గర, చాలా చిన్నగా, ఆ పేరు మొదలెట్టింది. ఎక్కాలు చదివినట్టు ఇద్దరం కలిసి అన్నాం. చేతులు తప్పుకున్నాయి. కుడికాలు పెట్టి లోపలికి వెళ్లాను.

మూడో రోజు అక్క పడవెక్కి వెళ్లిపోయింది.

లంక అంటే చుట్టూ నీళ్లు. ఎటు చూసినా కిక్కిస గడ్డి, తామరాకులు, గూడబాతులు. ఊరంతా రేవులోనే కలుసుకుంటుంది, ఊరంతా మాట్లాడుతుంది. నేను బిందె ముంచుకుని వచ్చేసేదాన్ని. పలకరిస్తే నవ్వేదాన్ని. కొన్నాళ్లకి "ఏలూరు పొగరు" అన్నారు. మా అత్తగారు మాత్రం "మా కోడలు నోట్లో నాలిక లేని పిల్ల" అని మెచ్చుకునేవారు. నాలిక ఉందత్తయ్యా, దానికొక కథ ఉంది అని చెప్పాలనిపించేది. ఆవిడ మంచిదే. తొందర మనిషి. తొందరలో "చేపల పులుసు" అనబోయి "పేచల పులుసు" అనేవారు. ఆవిడ నవ్వేసి ఊరుకునేవారు గాని నేను రోజంతా దాన్ని మనసులో తిప్పుకునేదాన్ని. చూడండి, అక్షరాలు చోటు మారాయి గాని దీర్ఘం కదల్లేదు. అది ఎక్కడుండాలో అక్కడే ఉంది. అంటే మనసు ముందు ఆ నడక సిద్ధం చేసుకుంటుంది, తర్వాతే అందులో అక్షరాలు పోస్తుంది. నేననుకున్నది నిజమే! ఇంత పెద్ద సంగతి కనిపెట్టి, చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేక, పొయ్యి ఊదుకుంటూ కూర్చున్నాను. అంతటి ఒంటరితనం నాకు ఏలూరులో కూడా తెలియదు.

ఇంక ఆయన. పేరు పిలవకూడదు గనక ఆడవాళ్లందరూ "ఏవండీ" అంటారు. నాకు ఆ "ఏ" కూడా వచ్చేది కాదు. అన్నానికి పిలవాలంటే గ్లాసు నేలమీద చప్పుడు చేసేదాన్ని. ఆయన వచ్చేవారు. తలూపడం, నవ్వడం, గాజులు కదపడం, వీటితోనే కొన్ని నెలలు కాపురం చేశాను. తెలిస్తే ఏమవుతుంది? మోసం చేశారని మా నాన్నని పిలిపిస్తారు. పిలిపించకపోయినా, నేను మాట్లాడుతుంటే కొట్టాయనలా ఈయన కూడా నా మాట పూర్తి చేస్తారు. రెండోదే నాకు ఎక్కువ భయం.

ఒక మధ్యాహ్నం ఇద్దరం దోనెలో ఒడ్డున ఉన్న ఊరికి బయల్దేరాం. ఆయన వెనక నిలబడి గెడ వేస్తున్నారు. దోనె అడుగున ఎక్కడో చీలి నీళ్లు ఊరుతున్నాయి. నా కాళ్ల దగ్గరికి వచ్చాయి. గాజులతో చెప్పే సంగతి కాదు. వెనక్కి తిరిగి "నీ... నీ..." అన్నాను. అయిపోయింది, ఇంక పూర్తి చేసేస్తారు అనుకున్నాను. ఆయన గెడ ఆపి నీళ్లలో అలాగే నిలబెట్టి, నా మొహం వైపు చూస్తూ ఊరుకున్నారు. దోనెలో నీళ్లు ఆయనకీ కనిపిస్తున్నాయి. అయినా ఊరుకున్నారు. చివరికి "నీళ్లు" అన్నాను. "అవును, నీళ్లే," అని వంగి చిప్పతో తోడటం మొదలెట్టారు. తోడుతూనే, "గడప దగ్గర నాకు రెండు గొంతులు వినపడ్డాయి. రెండోది మీ అక్కదా?" అన్నారు.

నేను ఏడ్చాను. ఆయన తోడుతూనే ఉన్నారు.

"మరి అప్పుడే ఎందుకడగలేదండీ" అన్నాను. అలా అనడానికి చాలాసేపు పట్టింది. "నువ్వే చెప్తావని చూశాను. తొందరేముంది?" అన్నారు. నా జీవితంలో నాతో తొందరేముంది అన్న మొదటి మనిషి ఆయన.

ఆ రోజు నుంచి నా మాటలన్నీ దోనెలోనే. ఇంట్లో ఎప్పటిలాగే నోట్లో నాలిక లేని పిల్లని. నీళ్ల మీద ఆగుతూ, తడుముకుంటూ అన్నీ చెప్పాను. తివాచీ సంగతి, పేచల పులుసు సంగతి. ఆ రెండోదానికి ఆయన నవ్వీ నవ్వీ గెడ జారవిడుచుకున్నారు. క భాష చెప్తే నేర్పమన్నారు. నేర్పితే ఆయన వల్ల కాలేదు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా పడిపోయేవారు. "కఅ కన్నం కతి... తిక... ఛ!" అని మళ్లీ మొదటికి వచ్చేవారు. నేను పూర్తి చెయ్యకుండా చూస్తూ కూర్చునేదాన్ని. "ఇప్పుడు నత్తి ఎవరికమ్మా?" అనేవారు.

ఒకరోజు కిక్కిస మధ్య దోనె ఆపి, "ఒకటడుగుతాను, కాదనకు. నా పేరు ఒక్కసారి చెప్పు. ఇక్కడ వినేవాళ్లెవరూ లేరు" అన్నారు.

వినేవాళ్లు లేకపోతే ఎప్పుడో వచ్చేది. మీరున్నారు కదండీ, అదే తంటా. అయినా ప్రయత్నించాను. మొదటి అక్షరం దగ్గర దవడ బిగుసుకుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, రాలేదు. క భాషలో చెప్పాను. గలగలా వచ్చింది. ఆయన విని, తల అడ్డంగా ఊపి, "అది ఇంకెవరి పేరోలా ఉంది. నాకు నా పేరు కావాలి. పోన్లే, ఇంకెప్పుడైనా" అన్నారు. పాడి వినిపించాలన్నా నాకు మనసొప్పలేదు. పెళ్లిచూపుల్లో పాడిందే చాలు. అప్పట్నుంచీ నాకు ఒకటే ధ్యాస, ఆ పేరు ఆయన ముందు చెప్పాలి. ఇంతకీ ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు ఇట్టే చదివేస్తారు.

చలికాలం వచ్చింది. కొల్లేటి మీద పొగమంచు దిగితే చేతికి చెయ్యి కనపడదు. మగవాళ్లు చీకట్లోనే వెళ్లి, ముందురోజు నీళ్లలో దింపిన వెదురు మావుల్లో పడ్డ చేపలు తీసుకుని తెల్లారేసరికి తిరగాలి. మంచులో రేవు ఎటుందో తెలీదు. అందుకని మా లంకలో ఒక పద్ధతుంది. ఆడవాళ్లు రేవులో నిలబడి కేకలు వెయ్యాలి. ఎవరింటి కేక వాళ్లింటి మనిషి గుర్తుపట్టి దాన్ని పట్టుకుని వస్తాడు. పెళ్లాలు మొగుడి పేరు పిలవకూడదు గనక బిడ్డ పేరు పెట్టి కేకేస్తారు. "ఒరేయ్ అబ్బాయ్" అని నాన్న కోసం కొడుకుని పిలుస్తారు, ఆ కొడుకు పక్కనే ముక్కు తుడుచుకుంటూ నిలబడి ఉంటాడు. మా ఇంటి కేక అత్తగారిది. తల్లి గనక ఆయన పేరే పిలిచేవారు.

ఆ పొద్దున అత్తగారు లేరు. ఉండిలో ఉన్న పెద్ద కూతురి పురిటికి వెళ్లారు. ఆవిడ వెళ్లాక ముందురోజు వరకూ మంచు లేదు, ఆ తెల్లవారే దిగింది. నేను రేవుకి వచ్చేసరికి ఆడవాళ్లందరూ వరసగా నిలబడి కేకలేస్తున్నారు. ఒక్కో దోనే మంచులోంచి బయటపడుతోంది. ఆయన రాలేదు. పోయినేడు ఇలాంటి మంచులోనే దారి తప్పి లోపలికి పోయిన ఒకాయన దోనె తిరగబడి మూడోనాడు దొరికింది, మనిషి మాత్రం దొరకలేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు గాని అందరి మొహాల్లోనూ ఉంది. నాకు ఎన్నిసార్లు పూడ్చినా మళ్లీ ఊరే మా దోనె అడుగు చీలికే కళ్లముందు కనిపిస్తోంది.

"కేకెయ్యవే అమ్మాయ్!" అంది పక్కింటావిడ. "మీ అత్తగారు లేరు కదా, నువ్వే వెయ్యాలి."

బిడ్డ లేదు, ఏ పేరు పెట్టి వెయ్యను? "పోనీ మావాడి పేరు పెట్టి వెయ్యి" అంది ఆవిడే. ఆ పేరుతో అప్పటికే ఆవిడ పిలుస్తోంది. అది మా ఇంటి కేక కాదు. ఆయన దాని వైపు రారు. క భాష గుర్తొచ్చింది. అంత దూరం నుంచి అది పిట్టల గోలలా వినపడుతుంది. ఆయన చెవి ఆ మంచులో వెతుకుతున్నది ఒక్క పేరు కోసమే.

నోరు తెరిచాను. అంతా ఎప్పటిలాగే జరిగింది. అర్థం వచ్చింది, పొడవు వచ్చింది, నడక వచ్చింది, దవడ బిగుసుకుంది. అప్పుడు నాకు తెలియకుండానే, మాట్లాడటం మానేసి, మా అత్తగారిలా సాగదీశాను. కేక మాట కాదు, పాటకి చుట్టం. మొదటి అక్షరం బయటపడింది. దాన్ని ఊపిరున్నంతసేపూ లాగాను. వెనకే మిగిలిన అక్షరాలు వరసగా దిగాయి. కొల్లేరు మొత్తం వినేలా ఆయన పేరు పెట్టి కేకేశాను.

రేవులో ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నోళ్లు మూసుకున్నారు. ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో ముసలావిడ "ఓసి దీని ధైర్యం!" అంది. నాకేమీ పట్టలేదు. మళ్లీ వేశాను, మళ్లీ వేశాను. నా గొంతు ఒక్కటే వినపడుతోంది. చాలాసేపటికి, అనుకోని వైపు నుంచి, బాగా లోపల్నుంచి, "ఓ..." అని వచ్చింది. కేక ఆపకుండా నిలబడ్డాను. దోనె ముక్కు కనిపించింది. సగం నీళ్లు నిండి ఉంది.

ఆయన దిగారు, నావైపు చూశారు. చేపల బుట్ట దింపుకుని ఇంటికి నడిచారు. వెనకే నడిచాను. వెనక నుంచి నవ్వులు వినపడుతున్నాయి. ఇంట్లోకి వెళ్లి, తడిబట్టలతోనే పొయ్యి ముందు కూర్చుని, "ఏదీ, ఇంకొక్కసారి" అన్నారు.

ఎదురుగా కూర్చున్నాను. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. అది అక్కడే కొట్టుకుంటోంది, ముందుకు కదలడం లేదు. నాకు సిగ్గూ కోపమూ వచ్చి మొహం తిప్పుకోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఆ కేక ఊరందరూ విన్నారు. అది ఊరందరిదీ," అన్నారు. "ఇది నాది. కానియ్యి, తొందరేముంది?"

పొయ్యి రాజుకునేదాకా ఆ ఒక్క అక్షరం వింటూ కూర్చున్నారు. పేరు పూర్తి కాలేదు. ఆయన పూర్తి చెయ్యలేదు.

ఆ తర్వాత మాకున్నది కొద్దికాలమే. ఒక వర్షాకాలం జ్వరం వచ్చింది. పడవలో ఒడ్డుకి, అక్కణ్నుంచి ఏలూరు ఆస్పత్రికి తీసుకెళ్లాం. మంచం పక్కన కూర్చుని పేరు మొదలెడుతూ ఉండేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవారు. ఒకసారి మొదలెట్టి, మొదటి అక్షరం మీద ఉండగానే, వినడం ఆగిపోయింది. ఆ మాట ఇంతకంటే ఇంకెలా రాయాలో నాకు తెలీదు.

అత్తగారిని పెద్ద కూతురు తన ఊరు ఉండికి తీసుకెళ్లింది. నన్ను అక్క గూడెం తీసుకొచ్చింది. వాళ్ల వీధిలోనే ఒక గది, పక్కనే చిన్నపిల్లల బడి. అందులో పిల్లలచేత గుణింతాలూ ఎక్కాలూ చెప్పిస్తాను. వాళ్లందరితో కలిసి అంటాను గనక నత్తి రాదు. ఈ పంతులమ్మకి నత్తి ఉందని పిల్లలకి తెలీదు. వాళ్ల హాజరు మాత్రం పేర్లు పిలవకుండా, తలెత్తి మొహాలు చూసే వేసుకుంటాను. అక్క వచ్చినప్పుడు ఒకసారి క భాష మొదలెట్టింది. నేను మామూలు తెలుగులోనే జవాబిచ్చాను. అక్క మళ్లీ ఎత్తలేదు.

మధ్యాహ్నం బడి వదిలేశాక గదికి వచ్చి తలుపు దగ్గరకి వేస్తాను. పొయ్యి ముందు కూర్చుని ఆయన పేరు అంటాను. మొదటి అక్షరం, రెండోది, మూడోది, ఎక్కడా ఆగకుండా, రేడియోలో చదివినట్టు, ఇట్టే వచ్చేస్తుంది. ఆగాలని చూస్తాను. దవడ బిగించి చూస్తాను. ఒక్కసారి, ఆ ఒక్క అక్షరం దగ్గర అడ్డుపడితే చాలు, ఎదురుగా ఉన్నారని తెలుస్తుంది. అడ్డుపడదు. పేరు పూర్తయిపోతుంది.